తిప్పుడు దెబ్బ: జిలటిన్ మెదళ్లు ఏం చెప్పినయి

నల్లగొండలో రోడ్డు భద్రతా మాసం సందర్భంగా విద్యార్థులు, టీచర్లు, డ్రైవర్లు కూర్చున్న సభలో ఒక పదార్థశాస్త్ర పరిశోధకురాలు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు చదువుకుంటరని రికార్డింగు విని రాసినం. తడబాట్లు తీసేసినం తప్ప మాటలు మార్చలేదు.

అందరికీ నమస్కారం. పెద్దలకు, సార్లకు, మేడాలకు, ఆటోలు స్టాండుల పెట్టి వచ్చిన అన్నలకు, తమ్ముళ్లకు, చెల్లెండ్లకు. ముందుమాట ఎక్కువ చెప్ప, నేరుగ పనిలకు పోదాం.

ఈ బల్ల మీద గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా ఉన్నది. వెనక వరుసలోళ్లకు కనిపించదు, అందుకే ఫోను కెమెరా పెట్టి ఆ తెర మీదికి ఎక్కించినం. డబ్బాల ఉన్నది జిలటిన్, వేడినీళ్లల్ల కరిగి చల్లారితే గడ్డకట్టే పదార్థం. డబ్బాను పుర్రె అనుకోండి, జిలటిన్‌ను మెదడు అనుకోండి. వంద పాళ్ల నీళ్లకు ఐదు పాళ్ల జిలటిన్ కలిపి, వేడి చేసి, సగం పోసి గడ్డకట్టనిచ్చిన. దాని మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఆవగింజలు ఒక్క వరుసల పేర్చిన. మిగిలింది చల్లారినంక మీద పోసి, గాలి బుడగ లేకుండ నిండా నింపి, మూత బిగించిన. గాలి లేకుండ అన్న మాట గుర్తుపెట్టుకోండి, దాంతోటి పని ఉన్నది.

ఇప్పుడు చూడండి. డబ్బాను నేరుగ ముందుకు తోస్తున్న. టక్కున ఆపిన. ఆవాల వరుస ఏమైంది? ఏం కాలేదు. మళ్లీ తోస్తున్న, ఇంకా జోరుగ. ఏమైంది? వరుస వరుస లెక్కనే ఉన్నది. ఇగ తోసుడు బంద్. ఉన్నకాడనే గబుక్కున తిప్పుతున్న, ఇట్ల. చూసిన్రా? కంటికి అందలేదు గదా, అందదు. ఫోనుల స్లోమోషన్ తీసిన, తెర మీద చూడండి. డబ్బా గోడకు అంటుకున్న జిలటిన్ గోడతోటే తిరిగింది. నడిమిట్ల ఉన్నది ఇంకా ఉన్నకాడనే ఉన్నది. గీత గీసినట్టున్న ఆవాల వరుస రెండు దిక్కుల వంకర పోయింది. అంచుకు దగ్గరి గింజలు చూడండి, ఒకదాని నుంచి ఒకటి ఎంత దూరం జరిగినయో. ఆ గింజల నడుమ ఉన్న జిలటిన్ అంత సాగింది అన్నట్టు.

నేరుగ తోస్తే ఏం కాలేదు. తిప్పితే వంకర పోయింది. ఎందుకు? ఇయాల్టి ముచ్చటంత ఈ "ఎందుకు" మీదనే.

మనిషి మెదడు తూకం సుమారు కిలోన్నరకు కొంచెం తక్కువ, కిలో మూడు వందల నుంచి నాలుగు వందల గ్రాములు. అందుల నాలుగింట మూడు వంతుల కంటే ఎక్కువ నీళ్లే. ఆస్పత్రి మ్యూజియంల సీసాలల్ల చూసిన మెదడు గట్టిగ కనిపిస్తది. అది ఫార్మలిన్, అంటే చెడిపోకుండ పోసే మందు, ఇచ్చిన గట్టితనం. బతికున్న మెదడు అట్ల ఉండదు. బర్రె ఈనినంక జున్ను వండుకుంటం గదా, గిన్నెను కదిలిస్తే జున్ను ఎట్ల వణుకుతది? మెదడు అట్లాంటిది, చెప్పాలంటే ఇంకా మెత్తన.

ఇప్పుడు ఇంటర్ పిల్లలు వినండి, మీ ఫిజిక్సే. ఒక వస్తువును అన్ని దిక్కుల నుంచి నొక్కితే అది ఎంత మొండిగ ఎదురు నిలుస్తదో చెప్పేది బల్క్ మాడ్యులస్. పొర మీద పొర పక్కకు జారిస్తే ఎంత ఎదురు నిలుస్తదో చెప్పేది షియర్ మాడ్యులస్. మెదడుకు మొదటిది దాదాపు నీళ్లకున్నంతే, రెండు గిగాపాస్కళ్లకు కొంచెం మీద. రెండోది కిలోపాస్కల్ చుట్టుపక్కల. గిగాకు కిలోకు తేడా ఎంత? పది లక్షల రెట్లు! అంటే మెదడును నొక్కి చిన్నగ చేయలేం, నీళ్లను నొక్కి చిన్నగ చేయలేనట్టే. కాని పక్కకు జార్చాలంటే వేలు పెడితే చాలు.

అందుకే గాలి లేకుండ నింపిన అని చెప్పింది. నిండుగ ఉన్న డబ్బాను నేరుగ తోస్తే లోపలిది ఎటు పోతది? పోవటానికి జాగ లేదు, నొక్కుకుపోదు, కాబట్టి డబ్బాతోటే కదులుతది. తిప్పితే మాత్రం జాగ అవసరం లేదు. పొర మీద పొర జారుతది. ఉన్న జాగలనే చినుగుతది.

ఇది నేను కనిపెట్టింది కాదు. 1943ల ఆక్స్‌ఫర్డ్‌ల హోల్బోర్న్ అనే భౌతికశాస్త్రవేత్త లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికల రాసిండు. డాక్టర్ కాదు ఆయన, భౌతికశాస్త్రం మనిషి, అది గుర్తుంచుకోండి. ఆయన అక్కడికి ఎట్ల వచ్చిండో చెప్పాలె, ఎందుకంటే దాని వెనక ఒక బండి ప్రమాదమే ఉన్నది. 1935 మేల ఇంగ్లండుల టి.ఇ. లారెన్స్, "లారెన్స్ ఆఫ్ అరేబియా" అని పేరుబడ్డ సైన్యాధికారి, మోటర్ సైకిల్ మీది నుంచి పడ్డడు. ఆరు రోజులకు చనిపోయిండు. ఆయనను చూసిన డాక్టర్లల్ల హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్, మెదడు ఆపరేషన్లు చేసే డాక్టర్, ఉన్నడు. కెయిర్న్స్ దాన్ని అక్కడితోటి వదిలిపెట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, సైన్యంల కబురు మోసే మోటర్ సైకిల్ సిపాయిలు రోడ్ల మీద తలలు పగిలి చచ్చిపోతున్నరు. వాళ్ల లెక్కలు తీసి, హెల్మెట్ పెట్టుకున్నోళ్లకు, పెట్టుకోనోళ్లకు తేడా చూసి 1941ల అచ్చేసిండు. అదే సంవత్సరం బ్రిటిష్ సైన్యం ఆ సిపాయిలకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు జనానికి ఆ దేశంల చట్టం వచ్చింది 1973ల. నడుమ ముప్పై రెండేండ్లు! డాక్టర్ లెక్క తేల్చినంక చట్టం రావటానికి ముప్పై రెండేండ్లు పట్టింది.

కెయిర్న్స్‌కు ఒక ప్రశ్న మిగిలింది. పుర్రె పగలలేదు, పైన గాయం లేదు, అయినా మనిషికి తెలివి లేదు. ఎందుకు? ఈ ప్రశ్నను హోల్బోర్న్ తీసుకున్నడు. ఏం చేసిండు? మెదడు ఆకారంల జిలటిన్ పోసిండు. పోసి తిప్పిండు.

ఆయన చూసిన తీరు మీకు చూపిస్త. ఆ లైటు తగ్గించండి తమ్మీ. పాడైపోయిన కాలిక్యులేటర్ తెర మీద ఒక పలుచటి పొర ఉంటది, పోలరాయిడ్ పొర. అట్లాంటివి రెండు ఇక్కడున్నయి. ఒకటి జిలటిన్ ముక్కకు వెనక, ఒకటి ముందల, అడ్డంగ నిలువుగ పెడుతున్న. వెనక నుంచి టార్చి. ఏం కనిపిస్తలేదు, చీకటే గదా? ఇప్పుడు ముక్కను వేలుతోటి కొంచెం మెలిపెడుతున్న. చూడండి, వెలుగు చారలు వచ్చినయి. ఎక్కడ ఒత్తిడి ఎక్కువో అక్కడ చారలు దగ్గర దగ్గర. వేలు తీస్తే చీకటి. హోల్బోర్న్ ఇట్లనే ఫొటోలు తీసిండు. మెదడుల ఎక్కడెక్కడ ఎక్కువ సాగుతదో ఆ చారలే చూపించినయి. కణత దిక్కు ముందుభాగాన, పుర్రె లోపల గట్టు ఉన్నకాడ, అక్కడ ఎక్కువ. ఆపరేషన్లల్ల, పోస్టుమార్టాలల్ల డాక్టర్లు చూస్తున్న గాయాలు కూడ అక్కడనే!

మూడేండ్లకు, 1946ల అమెరికాల పుడెంజ్, షెల్డన్ అనే ఇద్దరు కోతుల పుర్రె పైభాగం తీసి దాని జాగల పారదర్శకమైన ప్లాస్టిక్ బిగించి, దెబ్బ తగిలినప్పుడు మెదడు కదులుడును సినిమా తీసిన్రు. పుర్రె ముందు కదిలింది, మెదడు వెనకబడ్డది. జిలటిన్ చెప్పింది నిజమే అని తేలింది.

మరి 1943లనే తెలిసినప్పుడు కార్ల పరీక్షలు, హెల్మెట్ల పరీక్షలు తిప్పుడు దెబ్బ మీద పెట్టాలె గదా? పెట్టలేదు. అమెరికాల డెట్రాయిట్‌ల వేన్ స్టేట్ యూనివర్సిటీల గుర్జియన్, లిస్నర్ మస్తు పనిచేసిన్రు, అది పుర్రె పగులుడు మీద, నేరు దెబ్బ మీద. పుర్రె పగులుడు కూడ నిజమే, దాంతోటి చచ్చిపోయేటోళ్లు కూడ నిజమే. ఆ పని నుంచే తలకు తగిలే దెబ్బను ఒక్క అంకెల చెప్పే కొలత పుట్టింది. హెచ్ఐసి అంటరు. అది నేరు త్వరణంతోటే లెక్క, అంటే తల జోరు ఎంత గబుక్కున మారిందో అంతే, తిప్పుడు లెక్కల రాదు. అంకె ఒకటి దొరికితే చట్టం దాని మీద కూర్చుంటది. కొలవటం అలవాటైందే కొలుస్తరు.

టీవీల కారు గోడకు గుద్దే పరీక్షలు చూస్తరు గదా, అందుల కూర్చునే బొమ్మ. హైబ్రిడ్ త్రీ అని దాని పేరు. దాని తల ఏంది? అల్యూమినియం. పైన వినైల్ తోలు. లోపల త్వరణం కొలిచే సెన్సర్లు. మెదడు? లేదు. తల మొత్తం ఎట్ల కదిలిందో ఆ బొమ్మ మంచిగ చెప్తది. లోపల ఏం చినిగిందో చెప్పలేదు, చినగటానికి అందుల ఏం లేదు.

ఒక తమ్ముడు పొద్దున చాయ తాగేటప్పుడు అడిగిండు, మరి నిజం మెదడు మీదనే చేయొచ్చు గదా మేడం అని. చేయొచ్చా? బతికున్న మనిషి మీద చేయం. చనిపోయినంక దేహదానం చేసినోళ్ల మీద చేస్తరు, వాళ్లకు మనమంత రుణపడి ఉన్నం. కాని ప్రాణం పోయినంక గంటలల్లనే మెదడు గుణం మారుతది. జంతువుల మీద అంటే, పాపం సంగతి పక్కకు పెట్టినా, సైజు సమస్య ఉన్నది. సైజుల చిన్నగున్న జంతువు మెదడు చాన జోరు తిప్పుడును తట్టుకుంటది, సైజుల పెద్దగున్న మనిషి మెదడు తట్టుకోదు. హోల్బోర్నే ఈ లెక్క కూడ చెప్పిండు. కోతి తట్టుకున్న అంకెను తెచ్చి మనిషికి పెడితే మనిషి చస్తడు. ఇగ ఇంకోటి. నిజం మెదడు లోపల ఏమైతుందో కంటికి కనిపించదు. ఈ డబ్బాల ఆవాలు కనిపించినట్టు కనిపించదు.

అందుకే నకలు మెదడు కావాలె. పారదర్శకంగ ఉండాలె, ఎన్నిసార్లైనా పోసుకోవాలె, పాడుచేసినా పాపం లేకుండ ఉండాలె.

ఇక్కడ అసలు మాట చెప్తున్న, ఇది నేను గట్టిగ నమ్మే మాట. మెదడు మొత్తానికి నకలు ఇంతవరకు ఎవరు చేయలేదు. ఒక ప్రశ్నకు సరిపోయే నకలు మాత్రమే చేస్తరు. మెదడు ఒక్క తీరుగ ఉండదు. మెల్లగ జరిపితే మెత్తన, గబుక్కున జరిపితే గట్టి. లాగితే ఒక తీరు, నొక్కితే ఇంకో తీరు. పైన బూడిదరంగు భాగం ఒక తీరు, లోపల తీగలు పరిచినట్టున్న తెల్ల భాగం ఇంకో తీరు. వీటన్నిటిని ఒక్క గిన్నెల ఎవరు వండుతరు? కాబట్టి ముందు ప్రశ్న, ఆ తర్వాతనే పదార్థం. ల్యాబుకు వచ్చే పిల్లలు దీన్ని తిరగేస్తరు. దొరికిన పదార్థం తెచ్చి, ఇది మెదడు అంటరు. ఏ ప్రశ్నకు మెదడు అని నేను అడుగుత.

జిలటిన్ సంగతి చూద్దాం. ఎముకలు, తోళ్ల నుంచి తీసేది. చవక, పారదర్శకం, పోలరాయిడ్‌ల చారలు చూపిస్తది. యూట్యూబుల జిలటిన్ తలలకు తుపాకి పేల్చే వీడియోలు చూసి అదే మెదడు అనుకోకండి. ఆ జిలటిన్ పది పాళ్లు, ఇరవై పాళ్లు ఉంటది, అది కండకు నకలు, తూటా ఎంత లోతు పోతదో చూడటానికి. మెదడు దానికంటే చాన మెత్తన, అందుకే పాళ్లు బాగ తగ్గించాలె. ఇంకో ఇబ్బంది ఏందంటే, జిలటిన్ ముప్పై ముప్పై ఐదు డిగ్రీల కాడ కరుగుతది. మన ఒంటి వేడి ఎంత? 37. అంటే జిలటిన్ మెదడును ఒంటి వేడి కాడ ఎప్పుడు పరీక్ష చేయలేం! చల్లగ పెట్టి చేసి, లెక్కల సర్దుకోవాలె. మన నల్లగొండల మే నెలల డబ్బా బయట పెడితే మధ్యాహ్నానికి ఆవాలన్ని అడుగున ఉంటయి. రెండు మూడు రోజులైతే బూజు కూడ పడ్తది.

అగర్, చైనా గ్రాస్ అని కిరాణంల అమ్ముతరు, సముద్రపు నాచు నుంచి వస్తది. ఎండకు కరగదు. కాని పెళుసు, తిప్పితే సాగకుండ పగులుతది. మెదడు అట్ల పగలదు. మెదడు లోపలికి మందు సన్నటి గొట్టంతోటి ఎక్కిస్తే ఎట్ల పాకుతదో చూసేటోళ్లకు మాత్రం పలుచటి అగరే మంచి నకలు. చూడండి, ఒక ప్రశ్నకు పనికిరానిది ఇంకో ప్రశ్నకు పనికొచ్చింది.

సిలికోన్ జెల్. రెండు ద్రవాలు, సమంగ కలిపితే గడ్డకడ్తది. సిల్గార్డ్ 527 అని ఒకటి ల్యాబులల్ల బాగ వాడుతరు. నీళ్లు లేవు కాబట్టి ఎండదు, బూజు పట్టదు, ఏండ్లు ఉంటది. 1990ల పెన్సిల్వేనియా యూనివర్సిటీల మార్గులిస్, థిబాల్ట్, జెనరెల్లి నిజం పుర్రెలల్ల ఇట్లాంటి పారదర్శక జెల్ నింపి, లోపల గళ్లు గీసి, తిప్పి, జోరు కెమెరాతోటి తీసిన్రు. గళ్లు ఎక్కడ వంకరపోయినయో అక్కడి సాగుడు కొలిచిన్రు. దీనికీ లోటున్నది. దెబ్బ జోరు పెరిగే కొద్దీ మెదడు గట్టిపడే తీరు, సిలికోన్ గట్టిపడే తీరు ఒక్కటి కావు.

ఇగ హైడ్రోజెల్, అంటే నీళ్లు పట్టుకొని ఉండే జెల్. పాలివినైల్ ఆల్కహాల్, కంటి చుక్కల మందులల్ల కూడ వాడే పదార్థం. వేడినీళ్లల్ల కరిగించి, గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ గడ్డకట్టిస్తరు. ఒక్కో విడతకు ఒకింత గట్టిపడ్తది. అంటే గట్టిదనం మన చేతిల ఉన్నట్టు. 2016ల లండన్ ఇంపీరియల్ కాలేజీవాళ్లు దీనికి ఫైటాజెల్ అనే ఇంకో జిగురు కలిపిన్రు. మొక్కల టిష్యూ కల్చర్ ల్యాబులల్ల వాడే జిగురే అది. ఆ మిశ్రమం మెదడు ప్రవర్తనకు బాగ దగ్గరికి వచ్చింది. అందుల నీళ్లున్నయి, మెదడులనూ నీళ్లే. నా మొగ్గు దీని మీదనే. ఎండిపోకుండ చూసుకోవాలె, అంత పారదర్శకం కాదు, అయినా దీని మీదనే.

పదార్థం ఒక్కటే సరిపోదు. మెదడు పుర్రెకు అంటుకొని ఉండదు, నడుమ సెరెబ్రోస్పైనల్ ద్రవం పలుచటి పొర ఉంటది. నా డబ్బాల జిలటిన్ గోడకు అంటుకున్నది, నిజానికి కొంచెం జారాలె. మెదడు రెండు సగాల నడుమ ఫాల్క్స్ అని గట్టి తెర ఉన్నది. ఆ తెర పెట్టి తిప్పితే సాగుడు ఒక తీరు, పెట్టకుండ తిప్పితే ఇంకో తీరు. మెదడు మీది నుంచి పుర్రె దిక్కు పోయే సన్నటి సిరలున్నయి. మెదడు వెనకబడ్డప్పుడు అవి తెగుతయి, రక్తం కారి గడ్డకడ్తది. సబ్‌డ్యూరల్ హెమటోమా అని డాక్టర్ చీటీల రాసేది అదే.

ఎంత సాగితే ప్రమాదం? 2000ల బెయిన్, మీనీ అనే ఇద్దరు గినీ పిగ్ అనే చిన్న జంతువు కంటి నరాన్ని గబుక్కున సాగదీసి చూసిన్రు. సుమారు 18 శాతం సాగితే నరంల సంకేతం దెబ్బతిన్నది. వంద మిల్లీమీటర్లది నూట పద్దెనిమిది అయితే చాలు అన్నట్టు! మెల్లగ సాగదీస్తే అదే నరం ఇంకా ఎక్కువ తట్టుకుంటది. గబుక్కున లాగితేనే లోపలి సన్నటి గొట్టాలు విరుగుతయి. దెబ్బ తగిలిన నిమిషంలనే తెగదు. ముందు లోపలి రవాణా ఆగుతది, ఆగినకాడ ఉబ్బుతది, గంటలు గడిచినంక తెగుతది. 2001ల వేన్ స్టేట్‌ల దేహదానం చేసినోళ్ల తలలల్ల చిన్న గుర్తులు పెట్టి, జోరు ఎక్స్‌రే తోటి చూసిన్రు. పుర్రె లోపల మెదడు కదిలింది ఐదు మిల్లీమీటర్ల దరిదాపు. 8 అంకె రాసినట్టు తిరిగి వెనక్కు వచ్చింది. ఐదు మిల్లీమీటర్లే. జీవితం తారుమారు కావటానికి అది చాలు.

ఇగ హెల్మెట్ కాడికి వద్దాం. డ్రైవర్ అన్నలు ఇది వినాలె. బండి నిలబడి ఉన్నదనుకోండి, మనిషి పక్కకు పడ్డడు, తల మీటరున్నర ఎత్తు నుంచి రోడ్డుకు తగిలింది. హెల్మెట్ లేని తల రోడ్డు మీద మూడు మిల్లీమీటర్లల ఆగిందనుకుందాం. మీటరున్నరను మూడు మిల్లీమీటర్లతోటి భాగించండి. ఐదు వందలు. భూమి ఆకర్షణకు ఐదు వందల రెట్ల త్వరణం, సగటున. హెల్మెట్ లోపల థర్మాకోల్ ఉంటది, అది మూడు సెంటీమీటర్లు నలిగిందనుకోండి. ఎంత? యాభై. ఐదు వందలకు యాభైకి నడుమ ఉన్నది ఆ థర్మాకోల్ నలుగుడు. మెల్లగనే పోత గదా, ఊర్లనే గదా అంటరు చూడండి, ఈ లెక్కల బండి జోరు ఎక్కడన్న వచ్చిందా? రాలేదు. పడే ఎత్తే వచ్చింది. రోడ్డు పక్కన అమ్మే టోపీ లాంటి హెల్మెట్ల లోపల వేలు పెట్టి చూడండి, థర్మాకోల్ ఉన్నదా, ఒట్టి స్పాంజి ఉన్నదా. స్పాంజి తలకు మెత్తగ ఉంటది, దెబ్బకు ఏం చేయదు.

హెల్మెట్లు ఇప్పుడు పరీక్ష చేసేది ప్రధానంగ నేరుగ పడేసి. మన దేశపు ప్రమాణం ఐఎస్ 4151, లోపల లోహపు తల పెట్టి పడేస్తరు, త్వరణం కొలుస్తరు. 2021 జూన్ 1 నుంచి ఆ ప్రమాణపు ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్ముడే నేరం. మంచిదే. కాని బండి మీది నుంచి పడ్డోడు నిట్టనిలువుగ పడ్తడా? ఏటవాలుగ పడ్తడు, రోడ్డు హెల్మెట్‌ను పట్టుకుంటది, తల తిరుగుతది. యూరప్‌ల ఈసీఈ 22.06 అనే కొత్త ప్రమాణంల 45 డిగ్రీల ఏటవాలు దిమ్మె మీద గరుకు కాగితం అంటించి, దాని మీద హెల్మెట్ పడేసి, తల ఎంత తిరిగిందో కొలుస్తరు. హోల్బోర్న్ చెప్పిన దాదాపు ఎనభై ఏండ్లకు! స్వీడన్‌ల హాన్స్ వాన్ హోల్స్ట్ అనే న్యూరోసర్జన్, పీటర్ హాల్డిన్ అనే ఇంజినీరు కలిసి హెల్మెట్ లోపల కొన్ని మిల్లీమీటర్లు జారే పొర పెట్టిన్రు. మిప్స్ అని అమ్ముతున్నది అదే. తల తిరగాల్సిన తిప్పుడుల కొంత ఆ పొర మింగుతది.

మన దేశంల కూడ ఏటవాలు పరీక్ష రావాలె. ఇది నా డిమాండు, ఎక్కడైనా నిలబడి చెప్త.

2022ల మన దేశంల రోడ్డు ప్రమాదాలల్ల చచ్చిపోయినోళ్లు 1,68,491 మంది. కేంద్ర రవాణా శాఖ లెక్క. అందుల హెల్మెట్ పెట్టుకోకుండ పోయినోళ్లు 50,029. బండి నడిపేటోళ్లు 35,692, వెనక కూర్చున్నోళ్లు 14,337. ఈ రెండో అంకె కాడ ఆగండి. వెనక కూర్చున్నోళ్లు అంటే ఎవరు? మన అమ్మలు, అక్కలు, పిల్లలు. ఒక దిక్కు కాళ్లు పెట్టి, చీర కొంగు పట్టుకొని, ఒక చేతుల సంచి, ఒక చేతుల పిల్ల. ఆమె పడితే ఎట్ల పడ్తది? వెనక్కు. తల ఎటు తిరుగుతది? ఈ ప్రశ్నను యూరప్ ల్యాబు అడగదు, అక్కడ ఎవరు అట్ల కూర్చోరు. వానకాలం పంట, యాసంగి పంట వచ్చినప్పుడు మన రోడ్లెట్ల ఉంటయి? నకిరేకల్ దిక్కు, మిర్యాలగూడ దిక్కు సగం రోడ్డు వడ్లే. అంచుకు రాళ్లు. రాత్రిపూట వడ్ల మీద టైరు జారితే మనిషి పడేది పక్కకు, తిరుగుకుంట. రైతును తప్పుపడ్తలేను, కల్లాలు లేక రోడ్డెక్కిండు. కాని ఆ పడుడును ఏ ప్రమాణంల రాసిన్రు?

మన జిల్లా పేరు ప్రపంచ శాస్త్రంల ఒకకాడ ఉన్నది, తెలుసా? నల్గొండ టెక్నిక్. నీళ్లల్ల ఫ్లోరైడు తీయటానికి పటిక, సున్నం కలిపే పద్ధతి. నాగ్‌పూర్ నీరీ సంస్థ తయారు చేసింది, టాంజానియా దాకా పోయింది. ఆ పేరు ఎట్ల వచ్చింది? మన ఊర్లల్ల వంకరపోయిన కాళ్లు ప్రశ్న అడిగినయి గాబట్టి. కిరాణం సామాను, రెండు పోలరాయిడ్ పొరలు, ఒక ఫోను. మెదడు ప్రశ్న మొదలుపెట్టటానికి ఇవి చాలు. మహబూబ్‌నగర్‌ల, నల్లగొండల మెడికల్ కాలేజీలున్నయి, యూనివర్సిటీలున్నయి, ఇంజినీరింగు కాలేజీలున్నయి. దెబ్బ తగిలినోళ్లు వచ్చేది ఆ మెడికల్ కాలేజీలకే, జెల్ పోయగలిగేది ఆ ఇంజినీరింగు పిల్లలే. వాళ్లను ఒక్క బల్ల కాడ కూర్చోబెట్టండి. సార్లూ, మిమ్మల్నే అడుగుతున్న.

ఇగ మీరు అడగండి.

ప్రశ్నలు

నర్సింగు చదివే చెల్లె అడిగింది: సీటీ స్కాన్ మంచిగ ఉంటే ఇంటికి పంపొచ్చా అని. నేను డాక్టర్‌ను కాదమ్మా, ఆ మాట డాక్టరే చెప్పాలె. పదార్థం మనిషిగ ఒకటి చెప్త. సీటీల రక్తం గడ్డ, ఎముక పగులు మంచిగ కనిపిస్తయి. సాగి దెబ్బతిన్న మెదడులోపలి నరాల తీగలు చానసార్లు కనిపించవు. ఇందాక చెప్పిన గదా, తెగేది గంటల తర్వాత అని. ఇంకోటి, పుర్రెకు, మెదడు పైపొరకు నడుమ రక్తం చేరితే మనిషి లేచి కూర్చుంటడు, చాయ తాగుతడు, ఏం కాలేదంటడు, ఇంటికి పోయి పండుకుంటడు, లేవడు. కాబట్టి తలకు దెబ్బ తగిలినోన్ని ఒక్కన్ని వదలొద్దు. మళ్లీ మళ్లీ వాంతులు, మత్తు, మాట తడబడుడు, ఒక కంటిపాప పెద్దగ ఇంకోటి చిన్నగ, ఫిట్స్, ఏది కనిపించినా 108. తీసుకపోయినోళ్లను కేసుల ఇరికిస్తరని భయపడకండి, 2019 సవరణల 134ఏ సెక్షన్ వాళ్ల కోసమే పెట్టిన్రు.

ఒక పెద్దాయన: చిన్న పిల్లలకు కూడ హెల్మెట్ కావాల్నా బిడ్డా అని. కావాలె పెద్దయ్యా. నాలుగేండ్లు దాటినోళ్లందరికీ అని చట్టంలనే ఉన్నది. టాంకు మీద ముందు కూర్చోబెట్టుకుంటరు చూడండి, గుద్దితే ఆ పిల్ల తల నేరుగ హ్యాండిల్ మీదికి పోతది. పెద్దోళ్ల హెల్మెట్ పిల్లకు పెట్టొద్దు, వదులుగ ఉంటే దెబ్బకు ముందే ఊడిపోతది. క్లిప్పు పెట్టని హెల్మెట్ కూడ అంతే.

వెనక నుంచి ఒక ఆటో అన్న: ఒకసారి కింద పడ్డ హెల్మెట్, పైన ఏం కాలేదు, వాడొచ్చా అని. తల ఉండంగ దెబ్బ తగిలిందా, ఊరికె చేతుల నుంచి జారిందా? తల ఉండంగ తగిలితే వాడొద్దన్నా. థర్మాకోల్ ఒక్కసారే నలుగుతది, మళ్లీ లేవదు. పైన డొప్ప మెరుస్తనే ఉంటది. లోపలి గుడ్డ పక్కకు తీసి, థర్మాకోల్ మీద బొటనవేలు పెట్టి అంతట తడిమి చూడు. ఎక్కడన్న గుంట తగిలితే, పగులు కనిపిస్తే, ఆ హెల్మెట్ పని అయిపోయింది. ఏం దొరకకపోయినా గట్టిగ దెబ్బ తగిలిందని నీకు తెలిస్తే మార్చెయ్. పాతదాన్ని ఇంకొకరికి ఇయ్యకు, పగలగొట్టి పారెయ్.